పొదుగు చూసి కొన్న మేక

నామ్‌పథార్ తేయాకు తోట, మూడో లైను
సోమవారం

నా బిడ్డను నా ఒళ్లోంచి లాక్కుపోతానని నలుగురి ముందూ అన్నావు. అందుకే దండాలూ క్షేమాలూ రాయడం లేదు, అత్తా.

ఫగ్ని పుట్టిన ఆరో నాడు మా కూలీల లైను ఆడవాళ్లంతా బియ్యపు కల్లు హండియా తాగుతూ కూర్చుంటే నా రవిక వంక చూసి నువ్వన్న మాట: "ఈ జామకాయల్లో పాలెక్కడివే? బిడ్డను నీ తోడికోడలికిచ్చెయ్. ఝాలో దగ్గర పెరుగుతుంది." వాళ్లు విరగబడి నవ్వారు. నేను మంచం కోడు పట్టుకుని ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను. టీ పెట్టెల మీది రాతలు చూసి అక్షరాలు నేర్చినదాన్ని, నా రాతలో తప్పులుంటాయి. నా కోపంలో ఉండవు.

బిడ్డ నాది. ఎక్కడికీ రాదు.

నీ చిన్న కోడలు
ఎత్వారి

తా.క.: నా పక్షాన మాట్లాడమని నీ కొడుకు మంగ్రాను అడిగాను. నీ పేరెత్తగానే గొడ్డలి తీసుకుని కట్టెలు కొట్టడానికి పోతున్నాడు. ఇంట్లో ఏడాదికి సరిపడా కట్టెలున్నాయి.


ధూలిజాన్ తోట, నది అవతల

చిన్న కోడలికి అత్త సుకర్మణి చెప్పగా తోట కాంపౌండర్ రాస్తున్న జాబు. ఇక్కడ అందరం బాగున్నాం. అక్కడ నువ్వు తప్ప అందరూ బాగున్నారని తలుస్తాను.

నీకు కోపం ఎక్కువ, పాలు తక్కువ. మీ అక్క ఝాలోను చూసి నేర్చుకో. ఆ నిండుదనానికి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తాగిస్తే చాలన్నాను. మధ్యలో ఆకు బుట్ట దించి, తోటలో పిల్లల్ని ఉంచే గదికి పరిగెత్తే పనే లేదు. దాని కొడుకు బుధువా ఏడుస్తూనే ఉంటాడు, అది వేరే. మూడో నెలకే వాడికి పళ్లొస్తున్నాయి. అంత బలమైన పాలు!

నీ మీద జాలిపడి లారీలో మేకను పంపుతున్నాను. సంతంతా తిరిగి పొదుగు చూసి ఎంచాను, నడిస్తే నేలకు తగులుతోంది. ఫగ్నికి ఆ పాలు పట్టు. ఆనక ఝాలో వచ్చి బిడ్డను తీసుకొస్తుంది.

ఇట్లు
నీ మేలు కోరే అత్త

తా.క.: ఇది కాంపౌండర్ మాట. రొమ్ము పెద్దదైతే కొవ్వు ఎక్కువని అర్థమే తప్ప పాలకూ దానికీ సంబంధం లేదని ఆవిడకు చెప్పాను. "పెళ్లికాని వాడివి, నీకెందుకురా ఈ సంగతులు" అంది. అదీ రాయమంది. రాశాను.


నామ్‌పథార్, మూడో లైను

పొదుగును పంపిన అత్తకు, దాన్ని మేపుతున్న కోడలు రాసేది.

మంగ్రా చెంబు పట్టుకుని తెల్లారినప్పటి నుంచి మేక కింద కూర్చున్నాడు. రెండు చుక్కలు పడ్డాయి. రెండోది నీ కొడుకు చెమట. ఆ పొదుగంతా కండే, అత్తా! పక్కింటి బక్క మేకకు పొదుగు నా పిడికిలంత ఉంటుంది, మూడు పిల్లలను సాకుతోంది.

ముప్పై ఏళ్లు ఆకు తెంపావు కదా, చెప్పు. కత్తిరించకుండా చెట్టంత ఎదగనిచ్చిన తేయాకు మొక్క ఏమిస్తుంది? గింజలు. నడుము దాకా నరికిన పొట్టి మొక్క తెంపిన కొద్దీ చిగురు పెడుతుంది. తెంపడం మానితే చిగురు ఆగుతుంది. బిడ్డ తాగడమే తెంపడం. ఫగ్ని తాగిన కొద్దీ నాకు ఊరుతోంది. మాటిమాటికీ అడుగుతుంది, మాటిమాటికీ ఇస్తాను.

పొద్దున పిల్లల గది గుమ్మంలో కూర్చుంటే తోట మీద మంచు కదలకుండా నిలబడి ఉంటుంది. ఫగ్ని నోరు పెట్టగానే వీపు నుంచి ఏదో సన్నగా జలజలమంటూ దిగుతుంది, పాలు చేపుతాయి. కళ్లు మూతలు పడతాయి. మంచులో ఆకు తెంపేవాళ్ల నడుములు కనబడవు, తలలే తేలుతుంటాయి. ఆ తలలూ బుట్టలూ నేనూ ఫగ్నీ అంతా కలిసి నది మీదుగా మెల్లగా ఎటో పోతున్నట్టుంటుంది. అప్పుడు నాకు నీ మీద కూడా కోపం ఉండదు. తర్వాత పని చేయించే సర్దార్ కేకేస్తాడు, కోపం మళ్లీ వస్తుంది.

ఎత్వారి

తా.క.: ఆరో నాటి ఛట్ఠి వేడుకకు నువ్వు పెట్టిన చీరను మేక తినేసింది. అంచు వదిలేసింది. దానికీ నచ్చలేదు.


ధూలిజాన్ తోట

ఎత్వారికి సుకర్మణి రాయించేది.

మొక్కా ఆడదీ ఒకటేనటే? విను. నాదీ నీలాంటి ఒళ్లే. మంగ్రా పుట్టిన వారానికి మా అత్త వాణ్ని పక్క లైనులో లావుపాటి మనిషికిచ్చేసింది. నాకు కట్టుకున్న గుడ్డలు తడుస్తుంటే పాలు లేవంది. నడకొచ్చే దాకా వాడు ఆ మనిషినే అమ్మా అన్నాడు. నీ బిడ్డ అట్లా పరాయింట్లో పెరగకూడదనే ఇంటి మనిషికిమ్మంటున్నాను. ఇంతకన్నా మంచిగా ఏ అత్త అడుగుతుంది?

శుక్రవారం పడవకు ఝాలో వస్తోంది. ఫగ్నిని దాని చేతుల్లో పెట్టు.

అత్త

తా.క.: కాంపౌండర్‌ని. చెబుతూ ఏడ్చింది. ఏడ్చినట్టు రాయకురా అంది. కలం జారింది.


నామ్‌పథార్, మూడో లైను
ఆదివారం

అత్తకు దండాలు. ఈసారి రాస్తున్నాను, తీసుకో.

ఝాలో వచ్చింది. ఫగ్ని కోసం చేతులు చాపబోయింది, చేతుల్లో బుధువా ఉన్నాడు. వాణ్ని నేనందుకున్నాను. బుట్టలో అడుగున మిగిలిన ఆకంత బరువున్నాడు.

"పళ్లొస్తున్నాయట కదక్కా?" అన్నాను.

"పళ్లూ లేవు, పాడూ లేదే. ఆకలి! రెండు పూటలే తాగించమంది అత్త. పేరుకు నిండుకుండలు, నాకు చేపడమే మానేసింది" అని గుమ్మంలోనే కూలబడింది.

రెండు రోజులు నీ పెద్దింటి మనవడు ఈ జామకాయలే తాగాడు, అత్తా! వాడు ఏడ్చినప్పుడల్లా ముందు ఝాలో పట్టింది, ఆకలి తీరకపోతే నేను పట్టాను. ఈ పొద్దున ఇద్దరం మంచులో ఉప్పు చాయ్ తాగుతూ కూర్చున్నాం. ఉన్నట్టుండి ఝాలో రవిక తడిసింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. మేక కూడా చూస్తూ నిలబడింది.

నీ ఉత్తరం మంగ్రాకు చదివి వినిపించాను. గొడ్డలి కింద పెట్టాడు. "అమ్మ ఎప్పుడొస్తుంది?" అన్నాడు.

అందుకని చెబుతున్నాను. జవాబు కాగితం మీద వద్దు. ఝాలోను పాలివ్వడానికి మధ్యాహ్నం బుట్ట దించనిస్తానని, ఎవరి బిడ్డనూ ఎవరికీ ఇమ్మననని నువ్వే వచ్చి చెప్పు. బుధవారం సంత లారీలోంచి దిగాలి. దిగకపోతే కోడళ్లూ మనవలూ ఇక్కడే ఉంటారు. గురువారం పొద్దున నీ గుమ్మంలో మేక ఉంటుంది.

ఎత్వారి, ఝాలో