మిద్దె మీద మీటింగు

ఏప్రిల్ 6, ఆదివారం
ఈసారీ అపార్ట్‌మెంటు సంఘం మీటింగు మిద్దె మీదే. చల్లగాలి కావాలట. లిఫ్టు లేని అపార్ట్‌మెంటులో చక్రాల కుర్చీతో నేనెలా ఎక్కాలి? పైన నవ్వులు, కుర్చీలు జరుపుతున్న చప్పుడు... వింటూ కింద కూర్చున్నాను. చర్చ నా గురించే. వాకిలి మెట్ల పక్కన ర్యాంపు కావాలని అడిగింది నేనే కదా.
అధ్యక్షుడు ఓబుళరెడ్డన్న దిగొచ్చి చెప్పాడు. "ర్యాంపు వద్దన్నారమ్మా అందరూ. ఈశాన్యంలో బరువు పడకూడదంట. నువ్వు పైకి రాలేదు కదా, ఒప్పుకున్నావనుకున్యాం."
ఒళ్లు మండిపోయింది.

ఏప్రిల్ 7
బడికి పాఠాలు చెప్పను పోవడానికి ఎప్పటిలాగే వాచ్‌మన్, నీళ్ల ట్యాంకరు డ్రైవరు కుర్చీ ఎత్తి వాకిట్లోకి దింపారు. "బరువైనావక్కా!" అని ఎగతాళి. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వాను? సిగ్గులేని నవ్వు.

ఏప్రిల్ 9
రెడ్డన్న పొలం పని మీద కుందుర్పి పోయాడు. మేస్త్రీని పిలిపించాను. మెట్లు సగం వదిలి, సగం మీద ర్యాంపు కట్టేశాడు. కాళ్లున్నవాళ్లకు ఆ సగం చాలు.
వారం దాకా ఎక్కకూడదట. గోనెపట్టాలు కప్పి తడుపుతూ ఉండాలి.

ఏప్రిల్ 10
పై ఇంటి లక్ష్మక్క కేకలు. "తాగేదానికే నీళ్లు లేవు, సిమెంటుకు పోస్తాండావా?"
"నా స్నానం నీళ్లక్కా. నీ బిందె ముట్టినానా?"
తడిబట్టతో ఒళ్లు తుడుచుకుని బడికి పోయాను. చెమట వాసనొస్తే రానీ.

ఏప్రిల్ 11
ఈరోజూ స్నానం లేదు. ర్యాంపు గట్టిపడుతోంది.

ఏప్రిల్ 12
రెడ్డన్న వచ్చాడు. చూశాడు. "రేపు మీటింగులో తీర్మానం చేసి పగలగొట్టిస్తా."
అమ్మ భయపడుతోంది. "వాళ్లతో మనకెందుకే? ఇంకో ఇల్లు చూసుకుందాం."
చూసుకోను. ఇది నా ఇల్లు.

ఏప్రిల్ 13, ఆదివారం
సాయంత్రం. అందరూ పైకెక్కారు. మిద్దె మెట్ల మొదట్లో కుర్చీ అడ్డం పెట్టి బ్రేకు వేశాను. ఒళ్లో ఈ డైరీ.
ముందు లక్ష్మక్క దిగింది. "జరుగు, పొయ్యి మీద పాలుండాయి."
జరగలేదు.
ఆమె వెనక ఇంకొకరు... ఇంకొకరు. చివరికి రెడ్డన్న. "ఏం తల్లీ ఇది? మేమెట్ల దిగల్ల?"
"మీటింగు ఈడ పెట్టన్నా. నా ముందర చెప్పు, పగలగొడతామని. అప్పుడు జరుగుతా."
 
అమ్మ లోపలి నుంచి పిలుస్తోంది. నేను రాస్తూనే ఉన్నాను. లక్ష్మక్క విసుక్కుంటూ మెట్టు మీద కూలబడింది. ఆమె పక్కన ఇంకో ఇద్దరు కూర్చున్నారు. రెడ్డన్న మాత్రం ఇంకా నిలబడే ఉన్నాడు.