చామ చేను

14 జూన్ 2007, హాస్టల్

పాడేశాడు.

బీచ్ రోడ్డు మీద, అంత జనం ముందు. నాలుగో పాటగా. మైకు దగ్గరికి లాక్కుని "తడి గోడలు" బాండు కౌశిక్ అన్నాడు—నెల రోజులు అరకు కొండల్లో తిరిగి పట్టుకొచ్చిన పాట. ఎవరు కట్టారో ఎవరికీ తెలీదు. కొండలే కట్టుకున్నాయనుకోండి.

జనం ఈలలు.

అతనెక్కడా తిరగలేదు. ఆ పాట నేనిచ్చాను. ఫిబ్రవరిలో ఇంజనీరింగ్ కాలేజీ షో అయ్యాక, మీ ఊళ్ళ పాటలుంటే ఇవ్వండి అని తనే అడిగితే, స్టేజీ మెట్ల దగ్గర నిలబడి ఇచ్చాను. గీతల కాగితం, నీలం ఇంకు, కాన్వెంటు చేతిరాత. రాగం ఎలా అన్నాడు. చిన్న రికార్డరు నా గడ్డం కింద పెట్టాడు. పాడాను. పరాయివాళ్ళ ముందు నేను పాడడం అదొక్కసారే.

కొండలు కట్టుకోలేదు. మా మామ్మ కట్టింది. పేరు రూతమ్మ. బతికే ఉంది. ఆరేళ్ళ నన్ను కొండ దింపి బోర్డింగు బడిలో వేసిన సంవత్సరం కట్టింది. నా మీద.

15 జూన్

అసలు కోపం ఎందుకంటే, బాగా చేశాడు.

మొదట ఏమీ లేదు, గాలి చప్పుడు. లాప్‌టాప్ దగ్గర వాళ్ళ బాండు సన్నీ ఏదో తిప్పుతాడు... గాలి సన్నబడి ఈలగా మారుతుంది. అప్పుడు బేస్ దిగుతుంది. పక్కటెముకల్లో వినబడుతుంది. దాని మీదే మామ్మ రాగం, ఒక్క గిటారు తీగ మీద.

చామ చేను పండింది పిల్లా
పిట్టలొచ్చాయి పిల్లా
కొండ దిగి వెళ్ళిపోయావు
కేక ఎవరు వేస్తారు పిల్లా

'కేక' దగ్గర జనమంతా కేక. నా కాళ్ళు కూడా ఊగాయి. వాటిని క్షమించను.

19 జూన్

లిల్లీకి చెప్పాను. నా రూమ్మేటు, గుమ్మలక్ష్మీపురం పిల్ల. నన్ను మొదటి షోకి చెయ్యి పట్టి లాక్కెళ్ళింది తనే. నిజంగా ఆ కాగితం నీదేనా అని రెండుసార్లు అడిగింది. తర్వాత మంచమ్మీద లేచి కూచుంది.

—ఏటే, రెండు సమ్మచ్చరాలు ఆడి పాటలు ఇన్నావు. ఒక్కసారి ఆడు నీ మాట ఇన్నాడు. అంతే, జేబులో ఏసుకున్నాడు.

నవ్వింది. నేను నవ్వలేదు. వెళ్ళి అడిగేయమంది.

1 జూలై

అడగడానికే వెళ్ళాను. కాఫీ హోటలు మేడ మీద చిన్న షో, నలభై మంది. ఎప్పటిలాగే ఎడమవైపు స్పీకరు పక్కన నిలబడ్డాను. అక్కడ ఎవరూ పలకరించలేరు, వినబడదు. రెండేళ్ళుగా అదే నా చోటు. "తడి గోడలు" ఈ ఊళ్ళో ఎక్కడ వాయించినా వెళ్ళాను. పదకొండు షోలు. ఏ పాట తర్వాత ఏది పాడారో ఈ డైరీ వెనక పేజీల్లో ఉంది. వాళ్ళ దగ్గర కూడా ఉండదు.

షో అయ్యాక వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. కౌశిక్ నా మొహంలోకి చూశాడు, నవ్వాడు, నా చేతిలో నోట్‌బుక్ తీసుకుని సంతకం పెట్టాడు.

నేను గుర్తులేను.

థాంక్స్ అన్నాను. నేనే అన్నాను, థాంక్స్.

2 జూలై

ఆ పేజీ చింపలేదు. ఉండనీ. చూసినప్పుడల్లా మండాలి.

22 జూలై

ఆదివారం పేపర్లో అతని ఫోటో, అరపేజీ. లిల్లీ చదివి వినిపించింది. చామ అంటే ఏమిటని అడిగారు. చామనచాయ పిల్ల అన్నాడు. కొండ భాషలో ప్రేయసిని అలా పిలుస్తారట. ఆమె వెళ్ళిపోతే పంటచేను కూడా ఆమె రంగుకి తిరిగిందట.

ప్రేయసి. నాకు ఆరేళ్ళు. తలకి ఆముదం, చేతిలో రేకు పెట్టె.

పక్కనే పాట కూడా వేశారు, దాని కింద ఇంకో మాట: "జానపదం, కర్త అజ్ఞాతం."

అజ్ఞాతం పొయ్యి మీద గంజి కాచుకుంటోంది, వెళ్ళి చూసుకో.

11 ఆగస్టు, ఊళ్ళో

కిరండూల్ పాసింజరులో వచ్చాను. టైడా దాటాక వర్షం. షోలో అమ్మిన సీడీ తెచ్చాను. పాస్టరమ్మగారి సీడీ ప్లేయరు అడిగి ఇంటికి పట్టుకొచ్చాను. మామ్మకి వినిపించి, తన కోపం కూడా నా కోపంలో కలుపుకుందామని.

మామ్మ చాటలో చింతపిక్కలు ఏరుతూ విన్నది. బేస్ దిగినప్పుడు గుండె మీద చెయ్యేసుకుంది. ఉరుమా అని అడిగింది. పాట మొదలైంది. చెయ్యి ఆగింది. తనదేనని తెలిసింది.

తర్వాత నవ్వడం మొదలెట్టింది. దగ్గొచ్చేదాకా.

—ఎవలే గుంటా ఈడు? సామదుంపలకి పిట్టలు కాత్తన్నాడేటి?

నాకు అర్థం కాలేదు.

—దుంప మట్టిలో ఉంటాది గదే. పిట్ట పార ఎట్టుకొచ్చి తవ్వుద్దా?

పాటలో ఉన్నది దుంప కాదు. సామలు. అన్నంలా ఉడకేసుకుని తినే సామ గింజలు. కంకి పాలు పోసుకున్నప్పుడు పిట్టలు దిగే చేను, నన్ను గట్టుమీద నిలబెట్టి కేకలేయించిన చేను.

చామ అని రాసింది నేను.

అదే రోజు, సాయంత్రం

ఎలా జరిగిందో తెలుసు. బోర్డింగులో మొదటి సంవత్సరమంతా అదే పాఠం. సేను కాదు, చేను. సుక్క కాదు, చుక్క. సలి కాదు, చలి. సిస్టర్ స్కేలుతో బల్ల మీద కొట్టేది, పిల్లలు నవ్వేవాళ్ళు. మూడో క్లాసుకల్లా నా నోట్లో 'స' అంటేనే అనుమానం. ఇంట్లో దుంపనీ సామ అనే అంటారు, గింజనీ సామ అనే అంటారు. దుంపకి పుస్తకంలో చామ అని ఉంది. గింజకి సామే సరైన మాట. నా చెయ్యి ఆగి ఆలోచించలేదు. దిద్దేసింది.

'గుంటా' కూడా దిద్దాను, మా దగ్గర ఆడపిల్లని అలాగే పిలుస్తారు. పిల్లా అని రాశాను. విశాఖపట్నంలో కొందరికి గుంట అంటే గొయ్యి, నవ్వుతారని. ఆ పిల్లా వల్లే అతనికి ప్రేయసి దొరికింది.

మామ్మ నోట్లో మాటలు కడిగి, తుడిచి, పరాయివాడి జేబులో పెట్టాను.

12 ఆగస్టు

పొద్దున్న మామ్మ అడిగింది, ఆడు నా పేరెత్తాడా అని. లేదన్నాను. ఎవరికీ తెలీదని చెప్పాడన్నాను. ఆ మాట చెబుతున్నప్పుడు నా గొంతులో ఎంత ఉత్సాహం ఉందో నాకే వినబడింది.

మామ్మ చాట తట్టింది. పొట్టు ఎగిరింది.

—ఆడి సంగతి సరే. నువ్వు రాసిన కాయితం మీద ఉందా నా పేరు?

లేదు.

పైన 'ఒక కొండపాట' అని రాశాను. రెండు గీతలు కూడా కొట్టాను కింద, స్కేలు పెట్టి.

మామ్మ చాట పక్కన పెట్టింది. బేగి తిను, బండెల్లిపోద్ది అంది.

12 ఆగస్టు, రైల్లో

అయినా అబద్ధమాడింది అతను. నెల రోజులు తిరిగానన్నది అతను. నా తప్పు నా దగ్గర ఉంటుంది. అతని తప్పు స్టేజీ ఎక్కి చప్పట్లు కొట్టించుకుంటోంది.

ఒకటి తోచింది. సొరంగాల్లో చీకట్లో కూచుని ఆలోచించాను, వెలుగులోకి వచ్చేసరికి పూర్తయింది.

పిట్టలు దిగే చామ చేను ఏ కొండ మీదా లేదు. ఏ నోటా ఆ మాట రాదు. అది పుట్టింది నా కాగితం మీద. అతను ఎక్కడ పాడినా నా తప్పునే పాడుతున్నాడు. అడగాల్సింది ఒక్కటే. ఏ ఊళ్ళో విన్నారు, ఎవరి నోట?

8 సెప్టెంబరు

మళ్ళీ కాఫీ హోటలు మేడ. పన్నెండో షో. నేనడగకుండానే ముందు వరసలో ఒక అమ్మాయి అడిగింది, ఆ పాట ఎక్కడ దొరికిందని.

టైడా దగ్గర, అన్నాడు. పొలం గట్టు మీద ఒక ముసలావిడ. పళ్ళు లేవు, నవ్వితే ఎంత అందమో అన్నాడు.

అందరూ 'అయ్యో' అన్నట్టు మెత్తగా నవ్వారు.

మామ్మకి అన్ని పళ్ళూ ఉన్నాయి. చెరకు గడ పళ్ళతోనే చీలుస్తుంది. ఒకసారి వచ్చి నీ చెయ్యి పెట్టి చూడు.

9 సెప్టెంబరు

ముసలావిడ. పళ్ళు లేవు. పొలం గట్టు.

మూడూ రాసి పెట్టుకున్నాను.

3 అక్టోబరు

నవంబరులో అరకులోనే పాటల పండగట, రెండు రోజులు, గుడారాలు వేసి. బెంగళూరు నుంచి, గోవా నుంచి కూడా బాండ్లు. రెండో రోజు సాయంత్రం ఆఖరు "తడి గోడలు". మధ్యాహ్నం 'పాట వెనక కథ' అని ముచ్చట్లు, వినేవాళ్ళు ప్రశ్నలడగొచ్చు.

మా లోయకే వస్తున్నాడు. తన కాళ్ళతో.

21 అక్టోబరు

లిల్లీ ఎదురుగా కూచుని కౌశిక్‌లా కాలు మీద కాలేసుకుంటుంది. నేను లేచి అడగాలి. ఏడుసార్లు ప్రయత్నించాను. మూడో మాట దగ్గర ఆగిపోయి మళ్ళీ కూచుంటాను.

—నీ ఒడుపు సూత్తే ఆడే నీకు మంచినీళ్ళిచ్చేలా ఉన్నాడే!

తర్వాత కాస్త మెల్లగా అడిగింది. ఆ కాగితం నీదని నిరూపించాలంటే మాట తప్పు రాసింది నువ్వేనని చెప్పాలి కదా. మీ వాళ్ళందరి ముందూ.

తెలుసు.

అందుకే అతనంటే ఇంకా ఎక్కువ మండుతోంది.

2 నవంబరు

ఎంతమంది ముందు అతని మొహం మాడాలి అని లెక్కేసుకుంటూ పడుకున్నాను. ప్రార్థన చెయ్యలేదు.

17 నవంబరు, అరకు

మొదటి రోజు. డ్రమ్ము లేకుండా ఇద్దరే మెషిన్లతో వాయించారు, బెంగళూరు వాళ్ళు. చలి. మంచులో దీపాలు నీలంగా, ఎర్రగా... కాసేపు అన్నీ మరిచిపోయాను. కళ్ళు మూసుకుని స్పీకరు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. నాకు ఇదంటే ఎంత ఇష్టమో! అతనికంటే ముందు ఇది ఉంది నాకు.

ఇది కూడా తీసుకోనివ్వను.

18 నవంబరు, మధ్యాహ్నం

ముచ్చట్లు అయ్యాయి. చెయ్యెత్తాను. మైకు వచ్చింది. ఎంత బరువో అది.

ఏ ఊళ్ళో విన్నారు, ఎవరి నోట—ఇదీ అడగాల్సింది. నా నోట వచ్చింది: ఆ మాట సామ అండి. చామ కాదు.

అంతే. మైకు వెనక్కి ఇచ్చేశాను.

అతను మొహం మాడ్చుకోలేదు. మెరిసిపోయాడు. చూశారా ఫ్రెండ్స్ అన్నాడు, అరకు అమ్మాయి, ఇదీ అసలైన నేల అంటే. సాయంత్రం మీరు స్టేజీ మీదకి రావాలి, ఆ మాట మాకు మీరే నేర్పాలి అన్నాడు. చప్పట్లు. నాకు కాదు, అతని మంచితనానికి.

నా ఆయుధం కూడా తీసుకుని దండలో గుచ్చుకున్నాడు. ఇప్పటికీ గుర్తుపట్టలేదు.

18 నవంబరు, ఐదున్నర

పండగ చుట్టూ కట్టిన తాడు అవతల గడ్డి మీద దుప్పటి పరుచుకుని మామ్మ కూచుంది. నేనే రమ్మన్నాను. చుట్టూ మా ఊరి ఆడవాళ్ళు. స్పీకర్ల చెకింగ్ అవుతుంటే, ఈళ్ళు ఎంతసేపూ ఒకటీ రెండూ అనే సదువుతారేటి, మూడు రాదా అంటోంది. అందరూ నవ్వుతున్నారు.

చెప్పాల్సినవి మూడు. అతను తిరగలేదు, కాగితం నాది. పాట రూతమ్మది. మాట చెడగొట్టింది నేను. నా గొంతు ఒక్క వాక్యానికే వస్తుందని మధ్యాహ్నం తేలిపోయింది. మొదటిదే చెప్పాలని ఉంది. జనం ముందు, దీపాల కింద, అతను గిటారు పట్టుకుని నిలబడి ఉండగా.

మామ్మకి ఈ మాట చెప్పాను. దుప్పటి మీద దుమ్ము దులుపుకుంది.

—ముందు నీది సెప్పు గుంటా. నీది దాసి ఆడిది సెప్తే, ఆడికీ నీకూ తేడా ఏటి?

తేడా ఉంది. ఎందుకు లేదు? నేను జేబులో పెట్టుకోలేదు. నేను చప్పట్లు కొట్టించుకోలేదు. నేను సిగ్గుపడ్డాను, అంతే.

ఆరుకి పది నిమిషాలు

ఇప్పుడే ఒక వాలంటీరు అమ్మాయి వచ్చింది. స్టేజీ మీదకి పిలవడానికి పేరు కావాలట. చీటీ, పెన్ను నా చేతిలో పెట్టింది. కౌశికే చదువుతాడంది. ఐదు నిమిషాల్లో వచ్చి తీసుకెళ్తానంది.

చీటీ ఖాళీగా ఉంది.

రూతమ్మ అని రాస్తే, ఆ పేరు అతని నోటితోనే వస్తుంది. అజ్ఞాతం అన్న నోటితో. ఇంత తియ్యటిది నాకు ఇన్ని నెలల్లో తోచలేదు.

కానీ ఆ పేరు పిలిస్తే లేచేది నేను కాదు. మామ్మ లేస్తుంది. తాడు ఎత్తి కింద నుంచి దూరి వస్తుంది. మామ్మకి మైకు అంటే భయం లేదు. వరసగా చెబుతుంది, దాచదు. మా ఊరంతా వింటుంది. ఎవరి సంగతి ముందు చెబుతుందో కూడా నాకు తెలుసు.

ఆ అమ్మాయి తిరిగి వస్తోంది. పెన్ను మూత తీశాను.