ఆకులో ఎడమ పక్క

నరసరావుపేట,
12-6-1986

చిరంజీవి పున్నారావును దీవించి నాయనమ్మ రాయునది.

కళ్ళ పరీక్షకు వెళ్ళి, గోడమీది అట్టలో చిన్న అక్షరాలు కూడా చదివేశానని, లారీ తోలడానికి నీ చూపు భేషుగ్గా ఉందని రాశావు. సంతోషం. రోడ్డు మీద నీకు ఎదురొచ్చేవి అక్షరాలే అయితే నాకే బెంగా లేదు.

మొన్న ఇక్కడ భోజనానికి కూర్చుని, ఆకులో ఎడమ పక్కన గోంగూర పచ్చడి పెట్టుకుని, "పచ్చడెయ్యలేదేందే?" అని నీ పెళ్ళాం మీద అరిచావు. కోటేశ్వరి మళ్ళీ వేసింది. నేను ఊరుకోలేదు. నిన్ను ఎదురుగా కూర్చోబెట్టి, నా ముక్కే చూడమని, ఎండుమిరపకాయను పక్కనుంచి మెల్లగా ముందుకు తెచ్చాను. కుడి పక్కన వెంటనే కనిపెట్టావు. ఎడమ పక్కన నా ముక్కు దాకా వస్తే తప్ప కనపడలేదు.

"ముక్కే చూడమంటివిగా నాయనమ్మా, పక్కదెట్టా కనపడుద్ది?" అని పెద్ద తెలివిగా అడిగావు. ఒరేయ్, అట్టాగే ముక్కు చూస్తూ కూర్చుంటే కోటేశ్వరికి కనపడిందిరా! శుక్లాలున్న నాకూ కనపడింది!

నువ్వు నవ్వేసి దాచేపల్లి పోయి లారీ ఎక్కావు. రోడ్డుకు ఎడమ వారన నడిచేది మనుషులు. లారీవాడు తమను చూస్తున్నాడనే నమ్మి నడుస్తారు, పిచ్చివాళ్ళు.

ఆదివారం బస్సెక్కి రా. గుంటూరులో పెద్ద డాక్టరుకు చూపిద్దాం. మొండికేస్తావని తెలుసు కనుక, ఈ సంగతి మీ ఓనరుకు నిన్ననే రాశాను. ఈ ఉత్తరం నీకందేపాటికి లారీ తాళాలు ఆయన చేతిలో ఉంటాయి.

తిట్టాలనుంటే వచ్చి తిట్టు. నీకు కనపడేలా కుడి పక్కనే కూర్చుంటాను.

నాయనమ్మ