మీ చెయ్యి చాలు

అక్కా,

ఆసుపత్రిలో నీ డ్యూటీ ఎవరికైనా అప్పగించి, ఈ చీటీ తెచ్చిన మా చర్చి వాచ్‌మన్‌తో వెంటనే బయలుదేరు.

పోయిన నెల నేను ప్రార్థన చేశాక ఒకామెకు జ్వరం తగ్గింది. అప్పటినుంచి సంఘంవాళ్ళు నా కుర్చీకి దణ్ణం పెడుతున్నారు. వద్దనాల్సింది, కానీ బాగుందనిపించి ఊరుకున్నాను. ఇప్పుడు మోకరిస్తే దేవుడు గుర్తురావడం లేదు. ఎవరు చూస్తున్నారా అన్న ధ్యాసే.

పొద్దున ఒక తల్లి ఫిట్స్ వస్తున్న పసిబిడ్డను తెచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్ళమని బతిమాలాను.

"మీ చెయ్యి చాలయ్యగారూ! నా విశ్వాసాన్ని పరీక్షిస్తున్నారు కదూ?" అని నవ్వింది.

బిడ్డను నేనే ఎత్తుకుని పరిగెత్తబోతే అందరూ కాళ్ళమీద పడి కదలనివ్వలేదు. నేను ఉత్త మనిషినని అరిస్తే ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

బిడ్డను తల్లి చేతుల్లోనే వదిలి, ఎలాగో విడిపించుకుని గదిలోకొచ్చి రాస్తున్నాను. బిడ్డ ఏడుపు ఇప్పుడే ఆగిపోయింది. బయట స్తుతి పాట అందుకున్నారు.

తమ్ముడు