మీ నాన్న గుర్రం దిగిన చోటు

విల్లో ఫోర్డ్, వయోమింగ్
అక్టోబరు 6, 1974, ఆదివారం

చిరంజీవి రాయిస్‌ను నిండు నూరేళ్ళు చల్లగా ఉండమని దీవించి మీ అమ్మ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, కుక్క, తొమ్మిది కోళ్ళు. ఇంకొకరి సంగతి తర్వాత చెప్తాను. అలాస్కా నీళ్ళ మీద నువ్వూ క్షేమంగా ఉన్నావనే తలుస్తున్నాను. ఆ చేపల పడవ మీద నడిచేటప్పుడు కింద చూసుకుని నడువు, చిన్నప్పటిలా ఆకాశంలోకి కాదు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. రెండు పేజీల్లో మూడు ప్రశ్నలు, ఒక ఆజ్ఞ! అచ్చం మీ నాన్నే. ముందు ప్రశ్నల పని పడతాను. పొగగొట్టం లెస్టర్ బాగుచేశాడు. పొరుగున అలాంటి మనిషి ఉండటం మన అదృష్టం. నా మోకాలు ఎప్పటిలాగే ఉంది, మంచు పడేముందు రేడియో కంటే ముందే చెప్తుంది. నాన్నకు ఏ బట్టలు తొడిగారని అడిగావు. ఆ పాత గోధుమరంగు కోటే. సూటు తొడుగుదామని పాస్టరుగారు అన్నారు. "ఆ సూట్లో పంపితే పైన ఆయన్ని ఎవరూ గుర్తుపట్టరండీ" అన్నాను.

నాన్న అంత్యక్రియలకు నువ్వు రాలేకపోయావని కుమిలిపోకు. నడిసముద్రంలో ఉన్నవాడివి, ఈదుకుంటూ వస్తావా? ఆ రోజు చర్చి ముందు కార్ల కంటే గుర్రాలే ఎక్కువున్నాయి. తర్వాత ఫైర్ స్టేషన్ హాల్లో భోజనాలు. తలా ఒక వంటకం తెచ్చారు, తలా ఒక కథ చెప్పారు. నలభైతొమ్మిది నాటి మంచుతుఫానులో, పురుడు పొయ్యడానికి వెళ్ళాల్సిన ముసలి డాక్టరుకు గుర్రం ఎక్కడం రాదట. మీ నాన్న ఆయన్ని పిండిబస్తాలా జీనుకు కట్టేసి పద్నాలుగు మైళ్ళు తీసుకుపోయాడట. ఆ పుట్టిన పిల్ల ఇప్పుడు తన పిల్లల్ని వెంటేసుకుని వచ్చి ఈ కథ చెప్పింది. అందరూ కడుపు చెక్కలయ్యేలా నవ్వారు.

నన్నూ చెప్పమన్నారు. నేనేం చెప్తాను? మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు ముందు మా గుర్రం నోరు తెరిచి పళ్ళు చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "దీనికి పదకొండేళ్ళు" అన్నాడు. నా వయసు మాత్రం అడగలేదు, అంత మర్యాదస్తుడు. ముప్పయ్యారేళ్ళ కాపురంలో పడకగది కిటికీ ఒక్క చలికాలం కూడా మూయనివ్వలేదు. వేటకొచ్చిన వాళ్ళను కొండల్లోకి తీసుకెళ్ళి, గుడారంలో పడుకుని వచ్చిన రోజే ఇంట్లో బాగా నిద్రపోయేవాడు. ఆ మాటే చెప్పి కూర్చున్నాను. చెప్పాల్సింది వేరే ఉంది, అది చెప్పలేదు.

ఇక నీ ఆజ్ఞ. "జూనిపర్‌ను కబేళాకు కొనేవాళ్ళకు అమ్మెయ్. దాన్ని మాలిమి చేసింది నేను. సరిగ్గా చేసి ఉంటే అది నాన్నను పడేసేది కాదు. నాన్నను చంపింది గుర్రం కాదమ్మా, నేనే" అని రాశావు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. చదివి కూడా, సిగ్గులేకుండా, గుర్రాల్ని కొనే బండిని పిలవమని లెస్టర్‌తో చెప్పాను.

గురువారం పొద్దున బండి వచ్చింది. బండిలో గుర్రాలు ఒకదాన్నొకటి తన్నుకోకుండా ముందు లాడాలు ఊడదియ్యాలి కదా, ఆ పనికి ఆర్విల్ వచ్చాడు. నీకు తెలుసుగా, మన ఊరి గుర్రాలన్నిటికీ లాడాలు కొట్టేది ఆయనే, మీ నాన్నకు చిన్ననాటి నేస్తం. ఒక్క లాడం ఊడదీసి, కాలు కింద పెట్టి, నడుం నిటారుగా చేసుకుని నిలబడ్డాడు.

"వదినా, ఆ రోజు జీను దీని పొట్ట కిందికి తిరిగిపోయి ఉందన్నాడు లెస్టర్. నిజమేనా?"

"నిజమే."

షెడ్డులోకి వెళ్ళి ఆ జీను మోసుకొచ్చాడు. ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఒక్క గీత లేదు. పొట్ట కింద జీను వేలాడితే ఎంత సాధువైన గుర్రమైనా వెర్రెత్తి తన్ని తన్ని ముక్కలు చేస్తుంది. ఇదేమో నిలబడింది. అలా నిలబడే గుర్రం డెల్మర్‌ను పడేసిందా? నువ్వు చెప్తే నమ్ముతా, చెప్పు."

బండివాడు విసుక్కున్నాడు. "ఏమ్మా, ఎక్కించేదా లేదా? ఇంకా రెండు ఊళ్ళు తిరగాలి నేను."

"పడెయ్యలేదు. ఆయనే దిగాడు" అన్నాను.

రాయిస్, ఇప్పుడు నీకు చెప్పాల్సింది చెప్తున్నాను. కూర్చుని చదువు.

మార్చిలో డాక్టరు నాన్నకు గుండె పాడైందన్నాడు, గుర్రం మాట ఎత్తొద్దన్నాడు. నీకు రాయొద్దని నాన్న ఒట్టు పెట్టించుకున్నాడు. ఏప్రిల్‌కు జీను ఎత్తే బలం కూడా లేదు ఆయనకు. నేను ఎత్తాను. రోజూ పొద్దున్నే నేనే ఎత్తి గుర్రం వీపున వేశాను. నేను ఎత్తకపోతే ఆయన ఎక్కలేడు. తెలిసే ఎత్తాను.

ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి రాలేదు. ట్రక్కు వేసుకుని పైన పచ్చికమైదానం దాకా వెళ్ళాను. పడిపోయిన చెట్టుకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు, టోపీ పక్కన పెట్టుకుని. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. దెబ్బ లేదు, మట్టి కూడా అంటలేదు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టే ఉన్నాయి. గుర్రం పొట్ట కింది పట్టీ మాత్రం వదులు చేసి, మిగిలిన కొస మడిచి దూర్చి ఉంది. కాసేపు ఆగేటప్పుడు మనవాళ్ళు చేసే పనే అది. గుండె పట్టేస్తున్న మనిషి తన మెడగుండీ విప్పుకోలేదు నాయనా, ముందు గుర్రానికి ఊపిరాడనిచ్చాడు.

ఒక్కదాన్నే ఎత్తలేక లెస్టర్‌ను పిలుచుకొచ్చాను. ఈలోగా గుర్రం ఒళ్ళు విదిలించుకుందేమో, వదులు పట్టీ కదా, జీను కిందికి తిరిగిపోయింది. అది చూసి లెస్టర్ "అయ్యో, పడేసిందా!" అన్నాడు. కాదని చెప్పబోయి నోరు మూసుకున్నాను. గుండె అని చెప్తే, గుర్రం మీద జీను ఎవరు వేశారని అడుగుతారు. గుర్రం అంటే ఎవరూ ఏమీ అడగరు. నా తప్పు ఆ మూగజీవం మీదికి నెట్టాను. అది తిరిగి తిరిగి నీ నెత్తిన పడుతుందని అప్పుడు తోచలేదు. నీ ఉత్తరం చూశాక కూడా రెండు రోజులు పిరికితనంతో ఊరుకున్నాను. నన్ను క్షమించు.

ఇదంతా ఆర్విల్‌కు చెప్పి తల దించుకున్నాను. ఆయన ముక్కు తుడుచుకుని, "జీను ఎవరు ఎత్తుతున్నారో నాకు ఏప్రిల్లోనే తెలుసు వదినా, కళ్ళారా చూశా. అప్పుడు డెల్మర్ నా చెవిలో ఏమన్నాడో తెలుసా? 'ఇంకొకతె అయితే నన్ను కుర్చీకి కట్టేసేది రా. నా పెళ్ళాం గుర్రం ఎక్కిస్తోంది' అన్నాడు. ఎంత గొప్పగా చెప్పుకున్నాడనీ!" అన్నాడు.

బోర్లించిన బకెట్టు మీద కూలబడి ఏడ్చాను. ఏడుస్తుంటే మధ్యలో నవ్వొచ్చింది. బండివాడు ఖాళీ బండి తిప్పుకుంటూ, "ఈ ఊళ్ళో గుర్రం కొనాలన్నా సంతాపసభ పెడతారు" అని గొణిగాడు. ఆర్విల్ ఊడదీసిన లాడం మళ్ళీ కొట్టాడు. సాయంత్రం లెస్టర్ ఇంటికి నేనే నడిచి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పాపం, టోపీ పెట్టుకుని తన గడ్డివామి వైపు నడిచాడు. మర్నాడు తెల్లారేసరికి జూనిపర్ ముందు బండెడు ఎండుగడ్డి ఉంది.

నెల రోజుల తర్వాత నిన్న కడుపునిండా తిన్నాను. నీకు కోపం వస్తే రానీ. తిట్టాలంటే ఉత్తరంలో కాదు, సీజను అవగానే వచ్చి ఎదురుగా తిట్టు, వింటాను.

ఒక్క సంగతి మిగిలింది. ఆ రోజు నేను పచ్చికమైదానానికి వెళ్ళేసరికి జూనిపర్‌ను దేనికీ కట్టెయ్యలేదు. పగ్గాలు నేలమీద వదిలేసి ఉన్నాయి. పగ్గం నేల తాకితే కదలకూడదని దానికి నేర్పింది నువ్వే కదా, ఆ వేసవంతా ఎండలో నిలబడి. ఎంతసేపు అలా ఉందో దేవుడికి తెలియాలి. చుట్టూ మోకాలెత్తు పచ్చిక ఉంది, ఇంటిదారి తెలుసు, అయినా ఆయన్ని వదిలి పోలేదు. మీ నాన్న ఒంటరిగా పోలేదు రా. నువ్వు నేర్పింది ఆయన పక్కనే నిలబడి ఉంది.

ఇట్లు,
గుండె బరువు దిగిన
నీ అమ్మ