ప్రొజెక్టరు కంటి మీద బొట్టు

హాస్టల్ గది,
ఇందుకూరుపేట దగ్గర.

అన్నయ్యకి, రేష్మా సలాములు.

అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? వదినకి జ్వరం పూర్తిగా తగ్గిందా? చిన్నాడు ఏడవకుండా బడికి వెళ్తున్నాడా? మీరంతా బాగున్నారని తెలిస్తేనే నాకు ముద్ద దిగుతుంది. నేను బాగానే ఉన్నాను. బెంగ పెట్టుకోవద్దు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటావేమో. నా గదిలో రెండో మంచం వార్డెనుది. ఆవిడ మా ప్రిన్సిపాలుగారి మరదలు. నేను ఫోన్‌లో "ఊ" అన్నా తెల్లారేసరికి అది ఆయన చెవిలో ఉంటుంది. అందుకే నువ్వు "అక్కడ నీకేం పని, ఏలూరులో స్కూళ్ళు లేవా, వచ్చెయ్యి" అని అరిచినప్పుడల్లా నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు జవాబు రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఇక్కడ ఎటు చూసినా రొయ్యల గుంటలే. గాలి అటు తిరిగితే రొయ్యల మేత కంపు, ఇటు తిరిగితే ఉప్పు. ఉతికిన బట్ట ఒక పట్టాన ఆరదు. కొత్త తాళం అప్పుడే తుప్పు పట్టింది. హాస్టల్లో చింతపండు నీళ్ళకి సాంబారని పేరు పెట్టి పోస్తారు, చూస్తేనే వికారం. మా ఆయా చెంగమ్మ ఒక ఆదివారం ఇంటికి పిలిచి మామిడికాయ వేసిన చేపల పులుసు పెట్టింది. ఈ ఊళ్ళో నేను తృప్తిగా తిన్నది అదొక్కటే. వదినకి చెప్పు, నేర్చుకుని వచ్చి చేసిపెడతాను. పదో తరగతి పిల్లలు మాత్రం బంగారాలన్నయ్యా. సైన్సు పీరియడు అయిపోయినా నన్ను వదలరు.

ఇక అసలు రోత సంగతి. నువ్వు పంపిన రిమోట్ ఏమైందని అడిగావు కదా.

మా స్కూల్లో డిజిటల్ క్లాసు పెట్టారని చెప్పాను. ప్రొజెక్టరు టేబుల్ మీద పెట్టి స్విచ్చి నొక్కితే వెలిగింది, అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత కొబ్బరికాయ, దండ, గంధం, కుంకుమ. కరస్పాండెంటుగారి అమ్మగారు, అందరూ పెద్దమ్మగారంటారు, ఆవిడే బొట్టు పెట్టారు. అది నాకేం కొత్త కాదు. దసరాకి పక్కింటి పిన్నిగారి చేత నీ స్క్రూడ్రైవర్లకి కూడా బొట్లు పెట్టిస్తావు నువ్వు. పూజ అయ్యాక దాన్ని పైకప్పుకి బిగించారు. ఆ స్విచ్చి ఇంక ఎవరికీ అందదు, రిమోటే గతి. ఆ రిమోట్ ఆ రోజు నుంచీ పనిచెయ్యలేదు.

"మీ అన్న టీవీ మెకానిక్కన్నారు గదా మేడం, మీరే చూడండి" అని ప్రిన్సిపాలుగారు నా నెత్తిన పెట్టారు. బ్యాటరీలు మార్చాను. కోడ్ కలిపితే దేనికైనా పనిచేస్తుందని నువ్వు పంపిన రిమోట్ వచ్చింది. నువ్వు చెప్పినట్టే సెటప్పూ పవరూ కలిపి ఎర్రలైటు నిలిచేదాకా నొక్కి పట్టుకుని, ఒక కోడ్ తర్వాత ఒక కోడ్ నొక్కాను. చెయ్యి పైకెత్తి, మెడ వెనక్కి వంచి, భుజాలు పడిపోయాయనుకో. పిల్లలేమో "ఈసారి వెలుగుద్ది మేడం" అని ఆశగా చూస్తారు. వెలగదు.

ప్రిన్సిపాలుగారు గుమ్మంలో నిలబడి అన్నారు: "ఏమీ అనుకోబాకండి మేడం. కొందరి హస్తవాసి అట్టా ఉంటది. పదో తరగతి ఇంకొకరికి ఇస్తే ఎట్టుంటదా అని చూస్తా ఉండాం."

ఆడలేక మద్దెల ఓడు అంటారే, అలా ఉంది ఆయన వరస. అక్కడితో నాకు పట్టుదల వచ్చింది. నువ్వు చెప్పిన చిట్కా గుర్తొచ్చి, ఫోన్ కెమెరా తెరిచి రిమోట్ ముందు పెట్టి నొక్కాను. చుక్కలా వెలుగు కనిపించింది. రిమోట్ బాగానే ఉంది, లోపం పైనే ఉందన్నమాట. టేబుల్ మీద బెంచీ వేసి, చెంగమ్మ పట్టుకుంటే ఎక్కాను. రిమోట్ వెలుగు అందుకునే నల్లటి కన్ను ఉంటుంది చూడు, దాని మీద నిండుగా గంధం, ఆ పైన కుంకుమ బొట్టు, ఎండి పెచ్చు కట్టి ఉంది!

చేతిలో తడిగుడ్డ ఉంది. ఒక్క తుడుపు చాలు. కానీ చెయ్యి వెళ్ళలేదన్నయ్యా. ఎవరు పెట్టిన బొట్టు ఎవరు తుడిచారనే మాట ఎంత దూరం పోతుందో మనకి తెలియనిదా? దిగివచ్చి ఆయనకే చెప్పాను.

"అమ్మో, పెద్దమ్మగారు పెట్టిన బొట్టు! ఎవురు తుడస్తారు? అందులోనూ మీరు..." అని ఆగి, "ఏమీ అనుకోబాకండి" అన్నారు. పైగా నిన్ను ఇంకో రిమోట్ పంపమని అడగాలట. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు!

నేను చెంగమ్మని వెంటబెట్టుకుని తిన్నగా పెద్దమ్మగారింటికే వెళ్ళాను. ఆవిడ విని నోటి మీద చెయ్యి వేసుకున్నారు.

"కంట్లో పెట్టినానా? నా మతిమండ! శుక్లాలమ్మా నాకు, యాడ కనపడతాది? ఇన్నాళ్ళూ ఒక్కరన్నా చెప్పినారా? నువ్వే తుడిచేసి, పక్కన పెట్టు తల్లీ" అని కాగితంలో కుంకుమ పొట్లం కట్టి ఇచ్చారు.

"నేను పెట్టొచ్చా పెద్దమ్మగారూ?"

"ఏం, నీకు చేతుల్లేవా ఏంది?"

కన్ను తుడిచాను. పక్కనే ప్రొజెక్టరు రేకు మీద కొత్త బొట్టు పెట్టాను. నీ రిమోట్‌కి కోడ్ మళ్ళీ కలిపి నొక్కితే, ఆనాటి సైన్సు పాఠంలోని గుండె బొమ్మ గోడ మీద ఎర్రగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. పిల్లల కేకలకి పక్క క్లాసు వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఆ రోజు నా సంతోషం ఇంతా అంతా కాదు.

మర్నాడు ప్రార్థనకి ముందే క్లాసుకి వెళ్ళాను. ప్రిన్సిపాలుగారు బెంచీ ఎక్కి, చెంబులో పసుపునీళ్ళు పట్టుకుని, మామిడాకులతో ప్రొజెక్టరు మీద చల్లుతున్నారు. రిమోట్ మీదా, నా కుర్చీ మీదా అప్పటికే చల్లేశారు.

"శాంతికి మేడం. ఏమీ అనుకోబాకండి."

కరెంటు ఆపాలన్న జ్ఞానమైనా లేదు. టప్పుమని పేలి, పొగ, కాలిన కంపు. చెంగమ్మ పరుగెత్తి మెయిన్ ఆపింది. స్టాఫ్ రూములో ఆయన అన్న మాట విను: "చూసినారా, నే చెప్పలా హస్తవాసని!"

నాకు ఏడుపు రాలేదు. కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాను. నేనెందుకు కడుక్కోవాలని అప్పుడు తోచి, నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయనేమో ఇంత చదువుకున్న మనిషి, రోజూ నాకు నమస్కారం పెట్టే మనిషి! ఛీ.

పదో తరగతి నాకు ఉంచుతారో తీసేస్తారో తెలియదు. ఉన్నన్నాళ్ళూ చెబుతాను. బజారులో గుండె బొమ్మ ఉన్న పెద్ద చార్టు దొరికితే పంపు. రిమోట్లు మాత్రం పంపకు. అమ్మకి ఇదంతా చదివి వినిపించకు, చేపల పులుసు దాకా చాలు.

ఇక నీ మాటకి జవాబు. దాచకుండా చెబుతున్నాను, ఆ సాయంత్రం పెట్టె సర్దేశాను. బస్సు వేళ కూడా కనుక్కున్నాను. మళ్ళీ కూర్చుని ఆలోచించి, ఒక్కొక్క బట్టా తీసి దండెం మీద వేశాను. నేనిప్పుడు వచ్చేస్తే ఆయన పసుపునీళ్ళు పనిచేసినట్టేనన్నయ్యా. అందుకని రాను.

అమ్మ చేతులు నా కళ్ళకి అద్దుకున్నానని చెప్పు. వదినకీ, పక్కింటి పిన్నిగారికీ సలాములు, చిన్నాడికి ముద్దులు. నమాజులో నా పేరు మరిచిపోకండి.

నీ చెల్లెలు,
రేష్మా