తాడు అవతల ప్రార్థన

నవంబరు 14, శుక్రవారం, జగ్గయ్యపేట.

అమ్మా, నేను బాగున్నాను. ఈ పూట మొదటి ఆశ్చర్యం: మేం పశువైద్య శిక్షణకు వెళ్లిన పందుల ఫారం గేటు దగ్గర, యజమాని సొలొమోనుగారు, ప్రార్థన చెయ్యడానికి వచ్చిన పాస్టరుగారినే ఆపేశారు. చుట్టుపక్కల పందులకు వైరస్ జ్వరం సోకుతోందని ఆయన గేటుకు అడ్డంగా తాడు కట్టారు. "ప్రార్థన అక్కణ్ణించే చెయ్యండి అయ్యగారూ, దేవుడికి వినపడుద్ది. నా భయమంతా మీ చెప్పులతోనే!" అన్నారు. పాస్టరుగారు నవ్వేసి, రోడ్డు మీదే మోకరించి, పందుల కోసం కళ్లు మూసుకున్నారు. శిక్షణకు వచ్చిన మమ్మల్ని మాత్రం సొలొమోనుగారు చెప్పులు విప్పించి, ఫారం బూట్లు తొడిగించి లోపలికి పంపారు. ఆ జ్వరానికి మన దగ్గర టీకా లేదట. కంటికి కనపడనిది చెప్పుల మట్టిలో ఊళ్లు దాటుతుందట. అంతటిదాన్ని ఒక తాడుతో, కాస్త మొహమాటం విడిచి ఆపొచ్చని ఇవాళే చూశాను.

నందిగామ పిన్ని పందులన్నీ చచ్చిపోయాయని ఓదార్చడానికి వెళ్లకు, ఫోన్ చెయ్యి. మన చూడి పందికి హోటల్లో మిగిలిన కూడు పెట్టొద్దు, దాంతోనూ ఆ జ్వరం వస్తుందట. నాన్న దగ్గు తగ్గిందా? తమ్ముడికి ముద్దులు. రేపు ఇంటికి రావాలనుకున్నాను గానీ, ఈ ఫారంలో తిరిగాను కాబట్టి రాను. పొద్దున్నే కూర్చుని, చుట్టాలు నొచ్చుకోకుండా ఆగిపోయే మాటలు వెతికి, మన గేటుకు ఒక బోర్డు రాసి పంపుతాను.

నీ గ్రేసీ